ట్యాంకే తాగేస్తోంది సార్: ఒక హైపో ట్యాంకు కేసు

కెమికల్ ప్లాంట్లలో ట్యాంకులు, పైపులు దేనితో చేయించాలో చెప్పడం, అవి చెడిపోతే ఎందుకు చెడిపోయాయో వెతకడం నా పని. విశాఖపట్నంలోనే ఉంటూ ఇరవై ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. ఈ కేసు రాసి పెట్టాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అదే తప్పు వేరేవాళ్ల డ్రాయింగుల్లో, కొటేషన్లలో ఇప్పటికీ నాకు కనిపిస్తూ ఉంటుంది. యూనిట్ పేరు, ఊరు, మనుషుల ఆనవాళ్లు తీసేశాను.

నేపథ్యం

అది రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే యూనిట్. సముద్రపు గాలి నేరుగా తగిలే చోటు. ఇలాంటి యూనిట్‌లో సోడియం హైపోక్లోరైట్ లేనిదే పూట గడవదు. బోరు నీళ్లకు, గచ్చు కడగడానికి, టేబుళ్లకు, క్రేట్లకు, లోపలికొచ్చేవాళ్లు బూట్లు ముంచే తొట్టెకు, చివర వాడిన నీళ్లను శుద్ధి చేసే ఎఫ్లుయెంట్ ప్లాంటుకు, అన్నిటికీ అదే. ఆఫీసులో హైపో అంటారు, పనివాళ్లు మందు అంటారు. రోజుకు సుమారు 400 లీటర్లు వాడేవారు. వచ్చేది 12 శాతం క్లోరిన్ ఉన్న సరుకు.

మొదట్లో 50 లీటర్ల క్యాన్లలో వచ్చేది. మోయడం, వంచడం, మీద చిందడం రోజూ ఉండేదే. ఒకసారి ఒక కుర్రాడి కంట్లో పడింది. చూపు దక్కింది కానీ అందరూ భయపడ్డారు. ఆ తర్వాతే యాజమాన్యం క్యాన్లు మానేసి ట్యాంకర్‌లో తెప్పించుకోవాలని నిర్ణయించింది. ఆ తర్వాత ఎన్ని తిప్పలు పడ్డా, ఆ నిర్ణయం మాత్రం సరైనదేనని ఇప్పటికీ అంటాను.

ట్యాంకర్ కిరాయి కలిసి రావాలని 10,000 లీటర్ల ట్యాంకు చేయించారు. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌తో. అప్పటికి నాకు వాళ్లతో పరిచయం లేదు. రొయ్యల యూనిట్‌లో టేబుల్ నుంచి తొట్టె దాకా అంతా స్టీలే కాబట్టి స్టీల్ అంటే వాళ్లకు గట్టి నమ్మకం. చిల్లర్ ట్యాంకులు చేసిన ఫాబ్రికేటర్‌కే ఈ పనీ ఇచ్చారు.

స్టెయిన్‌లెస్ స్టీల్‌ను కాపాడేది దాని ఒంటి మీద ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర. కంటికి కనిపించనంత పల్చనిది. హైపోలో ఉప్పు ఉంటుంది, దానితోపాటు గట్టి ఆక్సిడైజర్ ఉంటుంది. రెండూ కలిసేసరికి ఆ పొర అక్కడక్కడా తెగి, తెగిన చోట సూదితో పొడిచినట్టు లోపలికి దిగుతుంది. మిగతా షీటంతా అద్దంలా మెరుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఏడో వారానికి వెల్డింగ్ గీతల వెంట ట్యాంకు చెమర్చింది. ఒకచోట అతుకు వేస్తే దాని పక్కనే ఇంకోచోట చెమర్చింది.

దాంతో విసిగిపోయి, ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు కదా అని, మేడ మీద నీళ్లకు పెట్టుకునే నల్ల ట్యాంకులు 5,000 లీటర్లవి రెండు తెచ్చి పెట్టారు. పాత ట్యాంకులో పనికొచ్చే సామాను వదలడం ఎందుకని లెవెల్ చూసే స్టీల్ రాడ్డు, ఔట్‌లెట్ దగ్గరి స్టీల్ జాలీ తీసి వీటిలో బిగించారు. అడుగున కడగడానికి ఇత్తడి ట్యాప్ పెట్టారు. పాత ట్యాంకులో మిగిలిన హైపోను కూడా పంపుతో వీటిలోకి తోడేశారు, మడ్డితో సహా.

నన్ను పిలిచింది దేనికంటే

మార్చి నెలాఖరులో ఫోన్ వచ్చింది. ఒక ట్యాంకు ఔట్‌లెట్ నాజిల్ (పైపు బిగించే మూతి) దగ్గర నెర్రె పడింది, కారుతోంది, వచ్చి చూడమన్నారు. వెళ్లాక రెండో సంగతి తెలిసింది. హైపో పవర్ ఉండడం లేదు. సప్లయర్ నీళ్లు కలుపుతున్నాడని బిల్లు ఆపేశారు. అతను టెస్ట్ రిపోర్టులు పంపుతున్నాడు, వీళ్లు నమ్మడం లేదు. మేనేజర్ దృష్టిలో ఈ రెంటికీ సంబంధం లేదు. లీకు నా పని, పవర్ సంగతి కొనుగోళ్ల శాఖ పని.

డోసింగ్ పంపు చూసే ఆయన వయసులో పెద్దవాడు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన పంపు స్ట్రోక్, అంటే ఒక్కో తోపుకు ఎంత మందు పోవాలో పెట్టే అంకె, చూపించాడు. ట్యాంకర్ వచ్చిన రోజు 40 దగ్గర పెడితే చాలట, పదో రోజుకు 75 దాకా తిప్పాల్సి వస్తోందట. "సప్లయర్ మోసం చేస్తే మొదటి రోజే తెలిసిపోవాలి కదండీ. మొదటి రోజు బానే ఉంటంది. ఈ ట్యాంకే తాగేస్తంది సార్ మందుని" అన్నాడు.

ఆ మాటను నేను వెంటనే పట్టుకోలేదు. ఎండకు పోతోందిలే అనుకున్నాను. మార్చి దాటితే విశాఖలో నల్ల ట్యాంకు లోపల 40 డిగ్రీలు దాటడం మామూలే. హైపో నిలవ ఉంచితే దానంతట అదే విరుగుతుంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం మూడు నాలుగు రెట్లవుతుంది. కానీ ఇంటికి వచ్చి లెక్క వేసుకుంటే, వేడి ఒక్కటే కారణమైతే పది రోజుల్లో స్ట్రోక్ దాదాపు రెండింతలు చేయాల్సిన పని లేదు. లెక్కకు అందనిది ఇంకేదో ఉంది.

తర్వాతి ట్యాంకర్ వచ్చిన రోజు దాని గొట్టం దగ్గరే శాంపిల్ పట్టి, ముదురు రంగు సీసాలో పోసి వాళ్ల ల్యాబ్ అల్మరాలో పెట్టించాను. మిగతాది ఎప్పటిలాగే ట్యాంకులోకి పోయింది. క్లోరిన్ ఎంతుందో తేల్చడానికి పొటాషియం అయొడైడ్, అసిటిక్ యాసిడ్ వేసి థయోసల్ఫేట్‌తో చేసే టైట్రేషనే, వాళ్ల ల్యాబ్ అమ్మాయి రోజూ చేసేదే. వచ్చినప్పుడు రెండూ 12.0 శాతం. పది రోజులకు సీసాలో 11.2. ట్యాంకులో 7.1.

సప్లయర్ బిల్లు ఆ సాయంత్రమే చెల్లించమని చెప్పాను. చెల్లించారు.

ఆరు సీసాలు

సరుకు మంచిదే, ట్యాంకులో ఏదో ఉంది. ఏదో తెలుసుకోవడానికి ఖరీదైన పరీక్ష అక్కర్లేదనిపించింది. ఆరు సీసాల్లో ఒకే హైపో పోశాను. మొదటిది ఖాళీగా వదిలేసి, మిగతావాటిలో వరసగా నెర్రె దగ్గర కోసిన ప్లాస్టిక్ ముక్క, గాస్కెట్ రబ్బరు, స్టీల్ రాడ్డు ముక్క, ఇత్తడి రజను, చివరి దానిలో ట్యాంకు అడుగు మడ్డి ఒక చెంచా వేశాను. మూతలు బిగించకుండా ఊరికే ఆనించాను. హైపో సీసా మూత బిగించడం అంటే పేలడానికి ముహూర్తం పెట్టడమే.

మడ్డి వేసిన సీసాను కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. అడుగున గోధుమ, నలుపు కలిసిన పొర. దాని మీద నుంచి ఆవగింజంత బుడగలు ఒకదాని వెంట ఒకటి, దారం పేనినట్టు ఆగకుండా పైకి వస్తున్నాయి. కొత్తగా విప్పిన సోడాలా ఉంది. పక్కన ఖాళీ హైపో సీసా చెరువు నీళ్లంత నిశ్చలంగా ఉంది. ఇత్తడి సీసా గంటలోనే నల్లబడి అదీ పొంగడం మొదలుపెట్టింది.

నాలుగు రోజుల తర్వాత లెక్క: ఉత్త హైపో 11.6, ప్లాస్టిక్ ముక్కది 11.6, రబ్బరుది 11.4, స్టీల్‌ది 10.6, ఇత్తడిది 5.3, మడ్డిది 4.8.

బాబాయ్ మాట అక్షరాలా నిజమైంది. హైపో రెండు దారుల్లో విరుగుతుంది. వేడికి విరిగితే క్లోరేట్ అనే వేరే లవణంగా మారుతుంది. నికెల్, రాగి, కోబాల్ట్ లాంటి లోహాలు తగిలితే ఆక్సిజన్ వదిలి ఉత్త ఉప్పునీరుగా మిగులుతుంది. ఆ లోహాలు అందులో ఖర్చు కావు. అక్కడే ఉండి, వచ్చిన ప్రతి లోడునూ విరుస్తూనే ఉంటాయి. పాత స్టీల్ ట్యాంకును హైపో తిన్నప్పుడు ఆ స్టీల్‌లోంచి కరిగిన నికెల్ మడ్డిగా మారి కొత్త ట్యాంకులోకి వచ్చి కూర్చుంది. అప్పటి వరకు మెటీరియల్ ఎంపిక అంటే కెమికల్ దెబ్బకు ట్యాంకు తట్టుకుంటుందా లేదా అని మాత్రమే చూసేవాణ్ణి. ట్యాంకు దెబ్బకు కెమికల్ తట్టుకుంటుందా అనే రెండో ప్రశ్న ఒకటుందని పుస్తకంలో చదివాను కానీ, ఆ సీసాను చేత్తో పట్టుకున్న రోజే నాకు ఒంటబట్టింది.

క్లోరేట్ సంగతి కూడా యాజమాన్యానికి చెప్పాను. పవర్ తగ్గిన హైపోను స్ట్రోక్ పెంచి పోస్తే క్లోరిన్ సరిపోవచ్చు కానీ, దానితోపాటు క్లోరేట్ కూడా నీళ్లలోకి ఎక్కువగా పోతుంది. తాగే నీటిలో క్లోరేట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన విలువ లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. కాబట్టి ఇది డబ్బు నష్టంతో పోయే వ్యవహారం కాదు.

మొదట చేసినవి

ఖర్చు తక్కువ, కావాలంటే వెనక్కి తీసుకోగలిగినవి ముందు చేయించాను. లోహం అన్నది ఏదీ లోపల లేకుండా తీయించాను. మడ్డి కడిగించాను. పీవీసీ జాలీ, పీవీసీ డ్రెయిన్ వేయించాను. పైన రేకుల నీడ, ట్యాంకుకు బయట తెల్ల రంగు. తర్వాతి లోడు పది రోజులకు 12.0 నుంచి 10.4కే తగ్గింది. దీనికే చాలా సంతోషించారు.

నెర్రె మాత్రం లొంగలేదు. ప్లాస్టిక్ వెల్డింగ్‌తో అతుకు వేయిస్తే అయిదు వారాల్లో దాని అంచునే మళ్లీ చీలింది. అప్పుడు కోసిన ముక్కను రెండు చేతులతో వంచి చూశాను. బయటి వైపు చక్కగా వంగింది. లోపలి వైపు, హైపో తగిలిన ముఖం, ఎండిన చెరువు మట్టిలా సన్నని పగుళ్లుగా విచ్చుకుంది. పాలిథిలీన్‌ను హైపో కరిగించదు, మెల్లగా ఆక్సిడైజ్ చేసి పెళుసు చేస్తుంది. పెళుసుబారిన దాని మీద వెల్డింగ్ అతకదు. పైగా నాజిల్‌కు గట్టి పీవీసీ పైపు నేరుగా బిగించారు. ట్యాంకు నిండినప్పుడు గోడ ఉబ్బుతుంది, ఖాళీ అయితే లోపలికి వస్తుంది, పైపు మాత్రం కదలదు. ఆ లాగుడంతా నాజిల్ అంచు మీదే పడింది. ట్యాంకు ఒంటి మీద ఐఎస్ 12701 అని స్పష్టంగా అచ్చు వేసి ఉంది. అది నీళ్ల ట్యాంకుల ప్రమాణం. హైపో నీళ్ల కన్నా దాదాపు అయిదో వంతు బరువెక్కువ. తయారుచేసినవాళ్లది తప్పేమీ లేదు, వాళ్లు నీళ్ల కోసమే చేశారు.

సీసా పరీక్షలో ప్లాస్టిక్ ముక్క హైపోకు ఏ హానీ చేయలేదని గుర్తుంచుకోవాలి. రెండో ప్రశ్నలో పాసై మొదటి ప్రశ్నలో ఫెయిలైంది. స్టీల్ రెంటిలోనూ ఫెయిల్.

దేనితో చేయించాలి

ఈ దశలో నాలుగు దారులు కాగితం మీద పెట్టాను. ఇనుప ట్యాంకుకు రబ్బరు లైనింగ్ మొదటిది. పెద్ద ప్లాంట్లలో బాగా నడుస్తుంది. కానీ లైనింగ్‌లో సూది మొనంత లోపం ఉన్నా వెనక ఇనుము ఉంది. ఈ యూనిట్‌లో స్పార్క్ టెస్ట్ (కరెంటు నిప్పురవ్వతో లోపం వెతకడం) చేసి కనిపెట్టేవాళ్లు లేరు. టైటానియం హైపోకు అన్నిటికన్నా మంచి లోహం, కానీ ఈ పరిమాణంలో ఆ ధరకు యాజమాన్యం ఒప్పుకోదు, నేనూ అడగను. కెమికల్ కోసమే మందమైన గోడతో చేసే పాలిథిలీన్ ట్యాంకు నిజంగా మంచి దారి. కాకపోతే పెళుసుబారే గుణం నిదానంగానైనా దానికీ ఉంటుంది, ఇన్నేళ్లకు మార్చాలి అని ముందే ఒప్పుకుని కొనాలి. అప్పుడే ఒక పాలిథిలీన్ చీలడం చూసిన మేనేజర్ ఆ మాటే విననన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను.

నాలుగోది ఎఫ్ఆర్‌పీ, అంటే గాజు పోగులకు రెసిన్ అనే జిగురు పట్టించి గట్టిపరిచే ప్లాస్టిక్, వినైల్ ఎస్టర్ రెసిన్‌తో. హైపోకు పేరున్న మెటీరియల్. ఆటోనగర్ చుట్టుపక్కల, పరవాడ ఫార్మా సిటీ వైపు యాసిడ్ ట్యాంకులు చేసి చేయి తిరిగినవాళ్లున్నారు. ఏదైనా దెబ్బ తగిలితే ఇక్కడే మరమ్మతు అవుతుంది. అందుకే దీన్ని ఎంచుకున్నాను. ఆ ఎంపిక ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. దాన్ని రాసిన తీరులోనే తప్పు చేశాను.

నిల్వ ఎంత ఉండాలన్న దాని మీదే ఎక్కువ వాదన నడిచింది. "సగం లోడుతో ట్యాంకర్ వస్తే కిరాయి దండగ కదా సార్" అన్నాడు మేనేజర్. వేసవిలో 25 రోజులు నిలవ ఉంచిన హైపోలో ఎంత క్లోరిన్ పోతుందో, కిరాయిలో ఎంత మిగులుతుందో పక్కపక్కన రాసి చూపించాను. 5,000 లీటర్లవి రెండు ఉంచుకుని, ఒకటి పూర్తిగా ఖాళీ అయి కడిగాకే దానిలో కొత్త సరుకు పోయాలి, పాతదాని మీద కొత్తది పోయకూడదు అని ఒప్పందానికి వచ్చాం. ముందు ఒక ట్యాంకు చేయించి, ఆరు నెలలు చూసి రెండోది చేయిద్దామన్నాను. ఆ ఒక్క జాగ్రత్తే తర్వాత మమ్మల్ని కాపాడింది.

నా తప్పు

నా స్పెసిఫికేషన్‌లో ఇలా రాశాను: వినైల్ ఎస్టర్ రెసిన్, లోపలి పొర ఇంత మందం, బయటి పొర ఇంత. రెసిన్ గట్టిపడడానికి ఏం కలపాలో రాయలేదు. రెసిన్ మంచిదైతే చాలనుకున్నాను.

ఫాబ్రికేటర్ షెడ్డుకు తనిఖీకి వెళ్లాను కూడా. డబ్బా మీద రెసిన్ పేరు చూశాను, గ్లాస్ మ్యాట్ (గాజు పోగుల చాప) బరువు చూశాను. బల్ల మీద వయొలెట్ రంగు ద్రవం ఉన్న సీసా ఒకటి ఉంది. అది కోబాల్ట్. ఎంఈకేపీ అనే పెరాక్సైడ్‌తో కలిపి రెసిన్ గట్టిపరిచే మామూలు పద్ధతి, షెడ్డుల్లో రోజూ వాడేదే. యాసిడ్ ట్యాంకుకైతే ఏ ఇబ్బందీ ఉండదు. నేను దాన్ని చూశాను, చూసి పక్కకు నడిచాను. హైపోను విరిచే లోహాల పేర్లు మూడు నెలల ముందే నా చేత్తో నోట్‌బుక్‌లో రాసుకున్నవాణ్ణి. ఆ వరసలో మూడో పేరు కోబాల్ట్.

జులైలో ట్యాంకు పనిలోకి వచ్చింది. అక్టోబరులో వేరే దెబ్బ తగిలింది, అది ముందు చెప్పాలి. స్టాండ్‌బై పంపు లైన్‌లో పీవీసీ బాల్ వాల్వు ఒకటి మూడు వారాలుగా మూసి ఉంది. ఒక రాత్రి రెండు గంటల వేళ టపాకాయ పేలినట్టు శబ్దం. వాల్వు నిలువునా చీలింది, లైన్‌లోని హైపో గచ్చు మీద పారింది. ఆ వేళ అక్కడ ఎవరూ లేకపోవడం అదృష్టం. తెల్లవారేసరికి పక్క ఊరి జనం గేటు దగ్గర ఉన్నారు. 2020 మే 7న వెంకటాపురంలో నిల్వ ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయాక, ఈ చుట్టుపక్కల ఘాటు వాసన వస్తే ఎవరూ ఇళ్లలో కూర్చోరు. కూర్చోకూడదు కూడా. వాళ్లకు నేనే వెళ్లి ఏం జరిగిందో, ఎంత కారిందో, ఏం చేస్తున్నామో చెప్పాను.

కారణం సులువుగానే దొరికింది. బాల్ వాల్వు మూసినప్పుడు బంతి లోపలి బెజ్జంలో గుక్కెడు హైపో చిక్కుకుంటుంది. అది విరుగుతూ ఆక్సిజన్ వదులుతుంది, ఆ గాలికి పోయే దారి లేదు. రెండు వైపులా మూసేసిన సీసా లాంటిదే. హైపో కోసం చేసే బాల్ వాల్వుల్లో, మూసినప్పుడు ట్యాంకు వైపు తెరిచి ఉండేలా బంతికి చిన్న రంధ్రం ఉంటుంది. ఉన్న వాల్వులన్నీ ఆ రకానికి మార్చాం. రెండు వాల్వుల మధ్య పైపు ముక్క మూసుకుపోయే అవకాశం ఉన్నచోట ఒత్తిడి వదిలే రిలీఫ్ వాల్వు పెట్టాం. అదే ఊపులో పైపు జాయింట్లు విప్పి చూస్తే రెండు చోట్ల సిమెంట్ సున్నంలా పొడిపొడిగా రాలింది. మామూలు సాల్వెంట్ సిమెంట్‌లో సిలికా పొడి కలుపుతారు, దాన్ని హైపో తినేస్తుంది. ఆ పొడి లేని సిమెంట్ దొరుకుతుంది, దానితో మళ్లీ అతికించాం.

డిసెంబరులో ట్యాంకు తెరిచాం. చల్లని రోజుల్లో కూడా పవర్ పది రోజులకు 10.1కి పడిపోతోందని బాబాయ్ అప్పటికే రిజిస్టర్‌లో గీత గీసి పెట్టాడు. ట్యాంకు కడిగి, మిగిలిన హైపోను థయోసల్ఫేట్‌తో విరిచి, బ్లోయర్ పెట్టి, ఆక్సిజన్, క్లోరిన్ మీటర్లు చూసుకున్నాకే లోపలికి దిగాను. గోడ మీద చేయి పెడితే పలక మీద సుద్దలా తెల్లగా అంటుకుంది. వేలి గోరుతో గీస్తే గీత పడింది. అక్కడక్కడా గాజు పోగులు నూగులా పైకి లేచాయి. బార్కోల్ గట్టిదనం (సూది మొన నొక్కి కొలిచేది, అంకె ఎక్కువైతే గట్టి) బయట 34 ఉంటే లోపల 12 నుంచి 15 మధ్య వచ్చింది. అసిటోన్‌లో తడిపిన గుడ్డతో రుద్దితే జిగురు తగిలింది, అంటే అక్కడ రెసిన్ గట్టిగా లేదు.

నిచ్చెన దిగి బయటికి వచ్చి నేరుగా మేనేజర్ గదికి వెళ్లి, ఇది ఫాబ్రికేటర్ తప్పు కాదు, నేను రాయాల్సింది రాయలేదు అని చెప్పాను. రెసిన్ కంపెనీలు హైపోకు ఏం కలపాలో తమ గైడ్‌లలో విడిగా ముద్రిస్తాయి. నేను దాన్ని తెరవలేదు.

పని చేసింది

ట్యాంకు పారేయాలా, లోపలి పొర మార్చాలా అన్నది తేల్చుకోవాలి. మూడు చోట్ల చిన్న ముక్కలు కోసి చూశాను. చెడింది పై పొర వరకే, బలాన్నిచ్చే లోపలి గాజు వరసలు గట్టిగానే ఉన్నాయి. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే ఈ మాట అనగలిగేవాణ్ణి కాదు. అందుకని చెడిన పొర మొత్తం గ్రైండ్ చేయించి కొత్త లైనర్ వేయించాను.

ఈసారి కాగితం మీద ప్రతిదీ రాశాను. గట్టిపరచడానికి బెంజాయిల్ పెరాక్సైడ్ (బీపీఓ), డైమిథైల్ అనిలిన్ మాత్రమే, షెడ్డులో ఈ పని జరిగినన్నాళ్లూ కోబాల్ట్ సీసా తలుపు అవతల. హైపో తగిలే ముఖానికి గాజు పల్చటి మ్యాట్ కాకుండా పాలిస్టర్ వీల్ (పల్చని గుడ్డ) రెండు వరసలు, ఎందుకంటే హైపోలోని కాస్టిక్ (క్షారం) గాజును కూడా తింటుంది. లోపలి పొర మామూలు యాసిడ్ ట్యాంకు కన్నా దాదాపు రెట్టింపు మందం. పని అయ్యాక వేడి గాలితో 80 డిగ్రీల దగ్గర పోస్ట్ క్యూర్, అంటే కాచి పూర్తిగా గట్టిపరచడం. బార్కోల్ రెసిన్ కంపెనీ చెప్పిన అంకెలో 90 శాతానికి తగ్గితే తీసుకోం. లోపల రంగు వేయకూడదు, వేస్తే లోపాలు కనబడవు. బయట మాత్రం వెలుతురు దూరకుండా తెల్ల పూత తప్పదు.

ఫాబ్రికేటర్ మొదట ఒప్పుకోలేదు. బీపీఓ పేస్టుతో గట్టిపడే టైమ్ చేతికి అలవాటు లేదన్నాడు. చలికాలం పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా సెట్ అవుతుందన్నాడు. అది నిజమే. అందుకే రెండు రోజులు చిన్న పలకల మీద పోసి, ఎంత కలిపితే ఎంతసేపటికి గట్టిపడుతోందో గోడ మీద సుద్దతో రాసుకున్నాం. మూడో రోజున అతనే రేషియో చెప్పసాగాడు.

అదే స్పెసిఫికేషన్‌తో రెండో ట్యాంకు మార్చిలో వచ్చింది. నాజిళ్లకు గట్టి పైపు బదులు ముడతల బెలోస్ వేశాం. లెవెల్ కోసం లోపల ఏదీ ముంచకుండా పైనుంచి చూసే అల్ట్రాసోనిక్ మీటరు పెట్టాం. విశాఖకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా లెక్కకట్టాలని కట్టడాల ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడ తీరం దాటిన రోజు చూసినవాళ్లెవరికీ దీన్ని వివరించక్కర్లేదు. ఎఫ్ఆర్‌పీ ట్యాంకు ఖాళీగా ఉంటే తేలిక, అందుకని లంగరు బోల్టులకు విడిగా డ్రాయింగ్ ఇచ్చాను.

ఒక విషయంలో ఎవరు ఎంత బతిమాలినా తగ్గలేదు. బాయిలర్ నీళ్ల ప్లాంటుకు వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ట్యాంకు అప్పటికి హైపో ట్యాంకులున్న డైక్‌లోనే (కారినది బయటికి పోకుండా చుట్టూ కట్టిన గట్టు) ఉంది. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మధ్యలో గోడ కట్టించి, యాసిడ్ నింపే చోటును షెడ్డుకు రెండో వైపు మార్పించాను. హైపో గొట్టం యాసిడ్ మూతికి సరిపోకుండా కప్లింగ్ సైజులు వేరు చేయించాను. నిద్రమత్తులో ఉన్న ట్యాంకర్ డ్రైవర్ బోర్డు చదవకపోవచ్చు. బిగుసుకోని కప్లింగ్ మాత్రం అతన్ని ఆపుతుంది.

ఇప్పుడు హైపో పని వచ్చిన ప్రతిచోటా రెసిన్ పేరుతో ఆగకుండా కలిపేది ఏమిటో ముందు అడుగుతున్నాను. గాస్కెట్, జాలీ, సిమెంట్, బోల్టు, వాల్వు బంతి, ఇలా ద్రవం తగిలే ప్రతి ముక్కనూ వరసగా రాయించి, ఒక్కోదాని ఎదురుగా రెండు గడులు పెడుతున్నాను. దీన్ని హైపో ఏం చేస్తుంది, హైపోను ఇది ఏం చేస్తుంది. రెండో గడి ఖాళీగా ఉంటే సీసాలో వేసి నాలుగు రోజులు చూస్తాను. ఇంతకన్నా చవకైన పరీక్ష నాకు తెలియదు.

ఆ మే నెలలో కొత్త ట్యాంకులో పన్నెండు రోజులకు 12.0 నుంచి 10.8 వచ్చింది. తర్వాతి వేసవి నుంచి ఏప్రిల్, మే, జూన్ నెలల్లో సరుకు రాగానే ఆర్వో నీళ్లతో 6 శాతానికి పలచన చేసుకుంటున్నారు. బలం సగమైతే విరిగే వేగం నాలుగో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. డోసింగ్ పంపులు కాస్త పెద్దవి వేయాల్సి వచ్చింది.

రీలైన్ చేసిన ట్యాంకును ఏడాదికోసారి తెరుస్తున్నాం. మూడో ఏడు లోపల బార్కోల్ 32 ఉంది. మ్యాన్‌హోల్ మెడ దగ్గర, ద్రవం పైన గాలి తగిలే చోట, అరచేయంత మేర మెరుపు పోయింది. అక్కడ గోరుతో గీశాను, గీత పడలేదు. ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి కొలిచి రిజిస్టర్‌లో అంటించాం. వచ్చే తనిఖీలో ముందు చూడాల్సింది ఆ మచ్చనే.